దీర్ఘకాల జబ్బుతో ఉంటూ ఉద్యోగం నిలబెట్టుకోవడం ఎలా?

"ఆఫీసులో చెప్పాలా, వద్దా?" "చెబితే తీసేస్తారేమో?" "ఈ బాధ పడలేను, నేనే మానేస్తే పోదా?" షుగర్, కీళ్లవాతం, మూర్ఛ, కిడ్నీ జబ్బు, పేగుల వాపు, డిప్రెషన్... జబ్బు ఏదైనా నన్ను అడిగే ప్రశ్నలు ఈ మూడే. ఇన్నాళ్లూ ఎవరికి వాళ్లకు విడిగా జవాబు రాస్తూ వచ్చాను. ఇప్పుడు అంతా ఒకచోట పెడుతున్నాను.

నాకు రుమటాయిడ్ కీళ్లవాతం బయటపడి పదకొండేళ్లయింది. జబ్బు పేరు తెలిసిన మూడో వారంలోనే రాజీనామా ఇచ్చేశాను. పొద్దున్నే గుండీలు పెట్టుకోలేని మనిషి కీబోర్డు మీద ఏం పనిచేస్తుందిలే అనుకున్నాను. మూడో నెలకల్లా మందు పట్టింది, వేళ్లు కదిలాయి. పోయిన ఉద్యోగం మాత్రం తిరిగి రాలేదు, దాంతోపాటు పోయిన ఇన్సూరెన్సూ రాలేదు. తర్వాత చేరిన చోట ఏడేళ్లుగా ఉన్నాను. ఈ ఏడేళ్లలో రెండుసార్లు జబ్బు గట్టిగా తిరగబెట్టింది. అయినా నిలబడ్డానంటే కింద రాసిన పద్ధతి వల్లే.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ముందే చెబుతాను. ఆఫీసుతో మాట్లాడేటప్పుడు జబ్బు గురించి తక్కువ, పని గురించి ఎక్కువ మాట్లాడండి. మీ రక్తపరీక్షల రిపోర్టు చూపిస్తే మీ మేనేజరుకు ఏం చేయాలో తోచదు. "పొద్దున తొమ్మిదింటి మీటింగు పదకొండుకు మార్చగలరా?" అని అడిగితే మాత్రం తోస్తుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- అపాయింట్‌మెంట్ లెటర్, ఆ తర్వాత వచ్చిన ప్రమోషన్, జీతం పెంపు ఉత్తరాలు
- కంపెనీ లీవు నియమాలు, ఇన్సూరెన్స్ పాలసీ కాగితాలు
- గత రెండు మూడేళ్ల అప్రైజల్ రిపోర్టులు, మెచ్చుకుంటూ వచ్చిన మెయిళ్లు
- ఒక చిన్న నోటుబుక్కు
- డాక్టరు దగ్గర పదిహేను నిమిషాల సమయం

ఇవన్నీ ఇంట్లో ఒక ఫైలులో ఉండాలి. ఆఫీసు కంప్యూటరులో మాత్రమే ఉంటే, లాగిన్ ఆగిపోయిన రోజున మీ చేతిలో ఏమీ ఉండదు. ఒక జాగ్రత్త: మీకు సంబంధించిన కాగితాలే తెచ్చుకోండి. కస్టమర్ల వివరాలు, కంపెనీ రహస్యాలు ఉన్న మెయిళ్లను సొంత మెయిలుకు పంపుకుంటే అదే మిమ్మల్ని తీసేయడానికి కారణమవుతుంది.

1. రాజీనామా ఆపండి

జబ్బు తెలిసిన కొత్తలో, లేదా బాగా తిరగబెట్టిన వారంలో తీసుకునే నిర్ణయం ఆ వారపు నొప్పి తీసుకునేదే. చాలా మందులకు సమయం పడుతుంది. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ పనిచేయడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పట్టవచ్చు. డిప్రెషన్ మందుల ఫలితం సరిగ్గా తెలియడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. "ఈ మందు పనిచేస్తోందో లేదో ఎప్పటికి తెలుస్తుంది?" అని డాక్టరును అడగండి. ఆ తేదీ వచ్చేదాకా ఉద్యోగం గురించి పెద్ద నిర్ణయం వద్దు.

నిజంగానే వెళ్లలేని స్థితి ఉంటే రాజీనామాకు ముందు ఈ వరుసలో చూడండి: సిక్ లీవు, జీతం లేని సెలవు, కొన్నాళ్లు సగం పని గంటలు, ఇంటి నుంచి పని, మరో విభాగానికి మార్పు. వీటిలో ఏది తీసుకున్నా వెనక్కి రావచ్చు. రాజీనామా ఒక్కటే వెనక్కి రాదు.

కోపంలోనో ఏడుపులోనో "ఇక నా వల్ల కాదు, మానేస్తాను" అని నోటితో కూడా అనకండి. వినేవాళ్లు దాన్ని నిర్ణయంగానే రాసుకుంటారు. పరాయి దేశంలో ఉద్యోగంతో ముడిపడిన వీసా మీద ఉన్నవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం.

2. మీ కాగితాలు చదవండి

చదవడానికి విసుగే, కానీ ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోతుంది. ఐదు సంగతులు వెతికి నోటుబుక్కులో రాసుకోండి: ప్రొబేషన్ పూర్తయిందా, నోటీస్ పీరియడ్ ఎంత, ఏడాదికి సిక్ లీవులు ఎన్ని, ఎన్ని రోజులు దాటితే డాక్టరు సర్టిఫికెట్ కావాలి, రాలేనప్పుడు ఎన్ని గంటల్లోగా ఎవరికి చెప్పాలి.

ఆఖరిది చాలామంది చూడరు. జబ్బుతో ఉన్నవాళ్లను నేరుగా "మీకు జబ్బు కాబట్టి తీసేస్తున్నాం" అని తీసేయడం అరుదు. "చెప్పకుండా సెలవు పెట్టారు" అనడం తేలిక. ఆ అవకాశం ఇవ్వకండి.

3. మూడు వారాల లెక్క రాయండి

ఇదే ఈ మొత్తం పనికి పునాది. రోజూ రెండు నిమిషాలు చాలు. ఏ సమయానికి ఏ పని, అప్పుడు ఓపిక పదికి ఎంత, ఏం ఇబ్బంది పెట్టింది, ఏం చేస్తే తగ్గింది. నా పాత నోటుబుక్కులోంచి రెండు వరుసలు:

*"సోమ. 8:30–10: వేళ్లు బిగుసుకున్నాయి, టైపింగ్ సగం వేగం. ఓపిక 3. పదిన్నర తర్వాత మామూలు."*

*"బుధ. మధ్యాహ్నం రెండు గంటల మీటింగు, లేవకుండా కూర్చున్నా. లేచేసరికి మోకాళ్లు పట్టేశాయి. నిన్న మధ్యలో లేచి నడిచా, ఏమీ కాలేదు."*

మూడు వారాల తర్వాత చూస్తే నా ఇబ్బందిలో ఎక్కువ భాగం పొద్దున రెండు గంటల్లోనే ఉందని తెలిసింది. అంతవరకు "రోజంతా చేతకావడం లేదు" అనే అనుకునేదాన్ని. మీకూ ఇలాంటిదేదో బయటపడుతుంది: నైట్ షిఫ్టు మర్నాడే ఫిట్స్ రావడం, ట్యూబులైట్ల కింద తలనొప్పి మొదలవడం, డయాలసిస్ అయిన సాయంత్రం మాత్రమే పూర్తిగా నీరసం.

ఈ నోటుబుక్కులో ఎవరి మీదా కోపం రాయకండి. రేపు గొడవ వస్తే ఇదే సాక్ష్యంగా చూపించాల్సి రావచ్చు. తేదీ, సమయం, జరిగింది. అంతే.

4. డాక్టరు దగ్గర సరైన ఉత్తరం తీసుకోండి

ఎక్కువమంది తెచ్చే సర్టిఫికెట్‌లో ఇలా ఉంటుంది: "వీరికి ఫలానా వ్యాధి ఉంది, తేలికైన పని ఇవ్వగలరు." ఇది మేలు కంటే కీడే చేస్తుంది. జబ్బు పేరు అందరికీ తెలిసిపోతుంది. "తేలికైన పని" అంటే ఏమిటో ఎవరికీ తెలియదు. "అయితే ఈ పని నీ వల్ల కాదన్నమాట" అని అర్థం తీసే వీలుంటుంది.

ఉత్తరంలో ఉండాల్సినవి నాలుగు: వైద్యం ఎన్నాళ్ల నుంచి జరుగుతోంది, ఉద్యోగం చేయడానికి వీరు తగినవారు అన్న మాట, ఏ ఒక్క విషయంలో ఇబ్బంది, దానికి ఏ మార్పు ఎన్నాళ్లు కావాలి. డాక్టరుకు తీరిక ఉండదు కాబట్టి నమూనా మీరే రాసి తీసుకెళ్లండి. ఇలా:

*"వీరు రెండేళ్లుగా నా వద్ద దీర్ఘకాల వ్యాధికి చికిత్స పొందుతున్నారు. తమ ఉద్యోగ విధులు నిర్వర్తించగలరు. ఉదయం పూట కీళ్లు బిగుసుకోవడం వల్ల పని వేళలు పదిన్నరకు మొదలయ్యేలా చూడాలని, గంటకు ఒకసారి ఐదు నిమిషాలు లేచి తిరిగే వీలు ఇవ్వాలని సూచిస్తున్నాను. ఆరు నెలల తర్వాత మళ్లీ పరిశీలించవచ్చు."*

జబ్బు పేరు లేదు, గమనించారా? హెచ్‌ఆర్ వాళ్లు పేరు కావాలని అడిగితే, "అది ఏ నియమం ప్రకారం అవసరం, ఎవరెవరు చూస్తారు?" అని మర్యాదగా మెయిలులో అడగండి. కొన్ని రకాల సెలవులకు, ఇన్సూరెన్స్ క్లెయిములకు పేరు తప్పనిసరి. అప్పుడు ఇవ్వండి, కానీ హెచ్‌ఆర్‌కే ఇవ్వండి, టీమ్‌కు కాదు.

5. ఎవరికి, ఎంత చెప్పాలి?

జబ్బు పని మీద ఏ ప్రభావమూ చూపకపోతే, మీకు ఏ మార్పూ అక్కర్లేకపోతే, చెప్పాల్సిన పని చాలామందికి ఉండదు. మార్పు కావాలంటే చెప్పక తప్పదు, ఎందుకంటే తెలియని విషయానికి యాజమాన్యం బాధ్యత పడదు. పని తగ్గిందన్న మెమో వచ్చాక "నాకు జబ్బు ఉంది" అంటే సాకులా వినిపిస్తుంది. అందుకే నా సలహా: పని దెబ్బతినడం మొదలైందని మీకు తెలిసిన రోజే చెప్పండి, వాళ్లకు తెలిసే రోజు దాకా ఆగకండి.

మేనేజరుకు చెప్పడానికి రెండు వాక్యాలు చాలు: "నాకు ఒక దీర్ఘకాల ఆరోగ్య సమస్య ఉంది, వైద్యం జరుగుతోంది. పని సాఫీగా సాగడానికి రెండు చిన్న మార్పులు అడగాలనుకుంటున్నాను." ఆ తర్వాత మార్పుల గురించే మాట్లాడండి. జాలిపడి వివరాలు అడిగితే, "డాక్టరుగారు చూసుకుంటున్నారండీ, థాంక్స్" అని మళ్లీ పని మీదికి రండి.

పక్క సీటు స్నేహితులకు చెప్పడం మీ ఇష్టం. మూర్ఛ, షుగర్ పడిపోవడం లాంటివి ఉంటే మాత్రం దగ్గరి వాళ్లు ఒకరిద్దరికి ఏం చేయాలో నేర్పి ఉంచండి. అది మీ ప్రాణానికి సంబంధించిన సంగతి.

రెండు చోట్ల దాచకూడదు. వాహనం నడపడం, ఎత్తులో పని, భారీ యంత్రాలు ఇలా మీ జబ్బు వల్ల మీకో ఇతరులకో ప్రమాదం వచ్చే ఉద్యోగమైతే చెప్పి తీరాలి. ఆరోగ్యం గురించి రాతపూర్వకంగా ప్రశ్న వేసిన ఫారంలో అబద్ధం రాయకూడదు. "చెప్పదలచుకోలేదు" అని రాసే వీలుంటే అది రాయండి. అబద్ధం దొరికితే తర్వాత ఏ చట్టమూ మీ పక్కన నిలబడటం కష్టం.

6. కావాల్సింది స్పష్టంగా, రాతలో అడగండి

"కాస్త చూసుకోండి సార్" అంటే వాళ్లు "తప్పకుండా" అంటారు, ఏమీ మారదు. మీ మూడు వారాల లెక్క ముందు పెట్టుకుని ఒకటి నుంచి మూడు మార్పులు ఎంచుకోండి. ఎక్కువ అడిగితే అన్నీ పోతాయి. కొన్ని ఉదాహరణలు:

- మూర్ఛ ఉన్నవాళ్లు: నిద్ర తగ్గితే ఫిట్స్ వచ్చే అవకాశం పెరుగుతుంది. నైట్ షిఫ్టుల నుంచి, రోజురోజుకూ మారే షిఫ్టుల నుంచి మినహాయింపు.
- క్రోన్స్ లాంటి పేగుల వాపు జబ్బులు: టాయిలెట్‌కు దగ్గర సీటు, చెప్పకుండా మీటింగు మధ్యలో లేచి వెళ్లే వీలు.
- హీమోడయాలసిస్ (మెషీనుతో రక్తం శుభ్రం చేయించుకోవడం): సాధారణంగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. ఆ రోజుల్లో పని వేళల మార్పు. ఇంట్లో రాత్రిపూట చేసుకునే పెరిటోనియల్ డయాలసిస్ మీకు పనికొస్తుందేమో డాక్టరును అడగండి, పగలు ఉద్యోగానికి మిగులుతుంది.
- మల్టిపుల్ స్క్లెరోసిస్ (మెదడు, వెన్నుపాము నరాలను దెబ్బతీసే జబ్బు): వేడికి లక్షణాలు పెరుగుతాయి. చల్లగా ఉండే చోట సీటు, ఎండలో తిరిగే పని తగ్గింపు.
- ఇన్సులిన్ వేసుకునేవాళ్లు: షుగర్ చూసుకోవడానికి, ఏదైనా తినడానికి సమయం, ఇన్సులిన్ పెట్టుకోవడానికి ఫ్రిజ్‌లో చోటు.
- నెలకోసారో రెండు నెలలకోసారో సెలైన్‌లో ఎక్కించే మందులు: వారాంతానికి ముందు రోజు అపాయింట్‌మెంట్ తీసుకుంటే నీరసం సెలవు రోజుల్లో గడిచిపోతుంది. దీనికి ఆఫీసు అనుమతి కూడా అక్కర్లేదు.

మాట్లాడిన రోజే ఇలా మెయిలు పెట్టండి:

*"నమస్తే సార్. ఈ ఉదయం మనం మాట్లాడుకున్న విషయాలు రాసి పంపుతున్నాను. ఆరోగ్య కారణాల వల్ల వచ్చే సోమవారం నుంచి పదిన్నర నుంచి ఏడింటి వరకు పనిచేయడానికి మీరు అంగీకరించారు. పని గంటలు, టార్గెట్లు మారవు. ఆరు వారాలు ఇలా చేసి, ఎలా ఉందో మళ్లీ కూర్చుని చూద్దామన్నారు. నేను ఏదైనా తప్పుగా అర్థం చేసుకుని ఉంటే చెప్పగలరు. డాక్టరుగారి ఉత్తరం హెచ్‌ఆర్‌కు ఇచ్చాను."*

"ఆరు వారాలు" అన్న మాటకు బలం ఉంది. శాశ్వతంగా ఇమ్మంటే భయపడే మేనేజరు, చూద్దామంటే ఒప్పుకుంటాడు. ఆరు వారాలు పని సాఫీగా సాగితే మళ్లీ మార్చాలని ఎవరికీ అనిపించదు. కాదంటే కారణం రాతలో అడగండి, మీరే రెండో దారి చూపండి: వేళలు కుదరకపోతే వారానికి రెండు రోజులు ఇంటి నుంచి, అదీ కాకపోతే పొద్దున టైపింగ్ లేని పని.

మేనేజరు మారితే ఈ మెయిలు కొత్తవాళ్లకు వారంలోపే పంపండి. నోటిమాట ఒప్పందాలన్నీ పాత మేనేజరుతోపాటే వెళ్లిపోతాయి. నాకు అలాగే జరిగింది. కొత్తాయనకు నేను రోజూ లేటుగా వచ్చే మనిషిని మాత్రమే. పాత మెయిలు చూపించాక గానీ ఆయన మాట మారలేదు.

7. తిరగబెట్టే రోజు కోసం ముందే సిద్ధంకండి

ఓపిక ఉన్న రోజున ఒక పేజీ రాసి పెట్టండి: చేతిలో ఉన్న పనులు, ఏది ఎక్కడిదాకా వచ్చింది, ఫైళ్లు ఎక్కడున్నాయి, ఏది ఆగితే ఫరవాలేదు, ఏది ఆగకూడదు. వారానికోసారి కొత్తగా మార్చండి. ఒక సహోద్యోగితో మాట అనుకోండి, వాళ్లు రానప్పుడు మీరు, మీరు రానప్పుడు వాళ్లు.

రాలేనన్న మెసేజీ కూడా ముందే రాసి ఫోనులో దాచుకోండి. నొప్పితో ఉన్నప్పుడు పదాలు దొరకవు. "ఈ రోజు ఆరోగ్యం బాగోలేదు, సిక్ లీవు తీసుకుంటున్నాను. పనుల వివరాలు ఫలానా ఫైలులో ఉన్నాయి. రేపటి సంగతి సాయంత్రం ఐదింటికి చెబుతాను." ఐదింటికి తప్పక చెప్పండి, నమ్మకం నిలిచేది అక్కడే.

సిక్ లీవులు ఏడాది మొదట్లోనే అయిపోకుండా, ఎప్పుడూ ఐదారు రోజులు మిగిలేలా చూసుకోండి. అపాయింట్‌మెంట్లకు పూర్తి రోజు బదులు సగం రోజు, లేదా గంటల లెక్కన సెలవు ఇస్తారేమో అడగండి.

8. మీ దేశంలో చట్టం ఏమంటుందో ఒకసారి చూడండి

వికలాంగుల చట్టాలు కంటికి కనిపించే లోపాలకే అనుకుంటారు చాలామంది. అది నిజం కాదు. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందం, ఉద్యోగంలో తగిన సర్దుబాట్లు చేయాలని చెబుతుంది. ఇంగ్లీషులో "రీజనబుల్ అకామడేషన్" అంటారు, మీ మెయిలులో ఈ మాట వాడండి.

భారతదేశంలో 2016 నాటి చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తిస్తుంది. వాటిలో మల్టిపుల్ స్క్లెరోసిస్, పార్కిన్సన్స్, తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్, మానసిక వ్యాధి ఉన్నాయి. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిందని ప్రభుత్వ సంస్థ ఉద్యోగిని తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లపై ఉద్యోగంలో వివక్షను 2017 చట్టం నిషేధిస్తుంది. అమెరికాలో 1990 నాటి వికలాంగుల చట్టం 15 మంది, ఆ పైన ఉద్యోగులున్న సంస్థలకు వర్తిస్తుంది. వచ్చిపోయే జబ్బులకు కూడా అది వర్తిస్తుందని 2008 సవరణ స్పష్టం చేసింది. అక్కడే 1993 నాటి సెలవు చట్టం కింద, అర్హత ఉంటే ఏడాదికి 12 వారాల జీతం లేని సెలవు ఉంటుంది, దాన్ని ముక్కలుగా కూడా వాడుకోవచ్చు. బ్రిటన్ 2010 సమానత్వ చట్టంలో, రోజువారీ పనులకు గట్టి ఆటంకం కలిగిస్తూ 12 నెలలు ఉన్న, లేదా ఉండబోయే జబ్బు వైకల్యంగా లెక్కలోకి వస్తుంది. క్యాన్సర్, హెచ్‌ఐవీ, మల్టిపుల్ స్క్లెరోసిస్ అయితే బయటపడిన రోజు నుంచే.

మీది వేరే దేశమైతే కార్మిక శాఖ వెబ్‌సైటులో మూడు వెతకండి: సర్దుబాటు హక్కు, అనారోగ్య సెలవు రక్షణ, ఫిర్యాదుకు గడువు. గడువు దాటితే ఎంత న్యాయమైన కేసైనా సాధారణంగా వినరు. అమెరికాలో వివక్ష ఫిర్యాదుకు 180 రోజులు, చాలా రాష్ట్రాల్లో 300 రోజులు ఉంటుంది.

9. తేడా కనిపించడం మొదలైతే

మీటింగులకు పిలవడం మానేయడం, ఇంతకుముందు బాగున్న అప్రైజల్ ఒక్కసారిగా పడిపోవడం, మీ పని వేరేవాళ్లకు ఇవ్వడం. ఇవి గుర్తులు. ఆ రోజు నుంచి తేదీలతో వరుసగా రాయండి. ఎవరన్నారు, ఏమన్నారు, ఎవరు విన్నారు.

ఏ కాగితమైనా ముందు పెట్టి "ఇప్పుడే సంతకం చేయండి" అంటే చేయకండి. "ఇంటికి తీసుకెళ్లి చదివి చెబుతాను" అనండి, ఎన్నిసార్లయినా అదే మాట. రాజీనామా అడిగితే, "నేను పని చేయాలనుకుంటున్నాను" అని అదే రోజు మెయిలు పెట్టండి. పనితీరు మెరుగుపరచుకోమని నోటీసు ఇస్తే, అందులోని ఒక్కో అంశానికి జవాబు రాసి, మీరు అడిగిన సర్దుబాట్లు ఇవ్వని తేదీలు దాని పక్కనే చూపించండి. యూనియన్ ఉంటే యూనియన్, లేకపోతే కార్మిక చట్టాలు చూసే వకీలు. తీసేస్తున్నామన్న ఉత్తరం చేతికి రాకముందే కలవండి, వచ్చాక దారులు తగ్గిపోతాయి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

బాగున్న రోజున రెట్టింపు పని చేసి నిరూపించుకోవాలనుకోవడం అన్నిటికంటే పెద్దది. మర్నాడు మంచాన పడతారు, పైగా చూసేవాళ్లకు "నిన్న బాగానే ఉన్నావుగా" అనిపిస్తుంది. రోజుకు డెబ్బై శాతం ఓపికే ఖర్చు పెట్టండి.

ఆఫీసులో ఎవరూ చూడకూడదని మందు వేళ దాటించేవాళ్లు, చెకప్పులు వాయిదా వేసేవాళ్లు నాకు చాలామంది తెలుసు. దయచేసి అలా చేయకండి. సెలవులో ఉండి సోషల్ మీడియాలో పెళ్లి ఫోటోలు పెట్టడం కూడా వద్దు. ఆ గంటసేపు నవ్వడానికి మీరు ఎంత కష్టపడ్డారో ఫోటోలో కనిపించదు.

పద్ధతి పనిచేస్తోందా? ఆరు వారాలకు చూసుకోండి

నోటుబుక్కు మళ్లీ తీసి మొదటి మూడు వారాలతో పోల్చండి. ఓపిక అంకె సగటున ఒకటి రెండైనా పెరిగిందా? అనుకోని సెలవులు తగ్గాయా? గడువు దాటిన పనులు ఎన్ని? ఇంటికి వచ్చాక మనిషిలా ఉంటున్నారా, లేక తలుపు దగ్గరే కూలబడుతున్నారా? మీరు అడిగిన మార్పులన్నిటికీ రాతలో జవాబు ఉందా?

మొదటి రెండూ మారకపోతే మార్పు తప్పుగా ఎంచుకున్నారన్నమాట, 3వ మెట్టుకు వెళ్లండి. పని బాగుండి ఒళ్లు చితికిపోతుంటే గంటలు తగ్గించమని అడిగే సమయం వచ్చింది. రెండుసార్లు మార్చి చూసినా కుదరకపోతే మరో ఉద్యోగం వెతకడంలో తప్పేమీ లేదు, కానీ ఈ ఉద్యోగంలో ఉంటూనే వెతకండి. కొత్త ఆఫర్ కాగితం చేతికి వచ్చి, అక్కడి ఇన్సూరెన్స్ ఏ తేదీ నుంచి మొదలవుతుందో, మీ పాత జబ్బుకు అది వర్తించడానికి ఎన్నాళ్లు ఆగాలో రాతలో తెలుసుకున్నాకే ఇక్కడ రాజీనామా ఇవ్వండి. మధ్యలో ఖాళీ రోజులుంటే అన్ని రోజులకూ సరిపడా మందులు ముందే తెచ్చి పెట్టుకోండి.